కాలిన చోట చర్మానికి పందిరి!

ఒళ్లు కాలినవారికి ప్రాణం దక్కితే చాలదు.. మెడ తిరగాలి, వేళ్లు ముడవాలి
కణాలు పాకేందుకు ఆసరా ఇచ్చే పొరలు వస్తున్నాయి.. మొదటి 20 నిమిషాలు మాత్రం ఇంట్లోవాళ్ల చేతుల్లోనే

కురుగోడు: దొడ్డబసవేశ్వరుడి జాతర వచ్చిందంటే బజ్జీల బాణళ్లు పొద్దుపోయేదాకా కాగుతూనే ఉంటాయి. ఇళ్ల వెనకాల కట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్లు మరుగుతుంటాయి. పొలాల్లో మోటారు దగ్గర వైర్లు వేలాడుతుంటాయి. తోరణగల్లు వైపు ఉక్కు పనికి వెళ్లేవారికి నిప్పుతోనే సహవాసం. వీటిలో ఎక్కడైనా సరే, ఒక్క క్షణం ఏమరుపాటు చాలు. తెలుగులో కాలిన గాయం అన్నా, కన్నడంలో సుట్ట గాయ అన్నా బాధ ఒక్కటే.

ప్రపంచంలో ఏటా సుమారు 1.80 లక్షల మంది కాలిన గాయాలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఏటా 10 లక్షలకు పైగా జనం ఓ మోస్తరుగానో, తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారనీ ఆ సంస్థే అంటోంది. చనిపోయినవారు లెక్కలోకి వస్తారు. బతికి బయటపడినవారి సంగతి ఎవరికీ పట్టదు. గెడ్డం ఛాతీకి అతుక్కుపోయి తల ఎత్తలేనివారు, మోచెయ్యి చాపలేనివారు, వేళ్లు ముడుచుకుపోయి ముద్ద కలుపుకోలేనివారు ఏ ఊళ్లోనైనా ఒకరిద్దరు కనిపిస్తారు. గాయం మానింది కదా, ఇంకా ఈ తిప్పలేంటి? అసలు కిటుకంతా ఆ 'మానడం'లోనే ఉంది.

మానింది సరే.. ఎలా మానింది?

మన చర్మానికి ముఖ్యంగా రెండు పొరలు. పైపొర కాగితంలా పలుచన. ఇది ఎప్పటికప్పుడు రాలిపోతూ, కింద నుంచి కొత్తది పుడుతూ ఉంటుంది. దాని కింద ఉండేదే అసలు చర్మం. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు అన్నీ అందులోనే. చర్మానికి సాగే గుణం, గట్టిదనం ఇచ్చేది కూడా ఈ లోపొరే. అందులో కొల్లాజెన్ అనే మాంసకృత్తు పీచులు చాప అల్లినట్టు అల్లుకుని ఉంటాయి.

వేడి పాలు తొణికి చెయ్యి ఎర్రబడితే పైపొరకే దెబ్బ. నాలుగైదు రోజుల్లో మానుతుంది. బొబ్బలెక్కితే లోపొర కొంత కాలినట్టు. వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథుల అడుగున మిగిలిన కణాల నుంచే పైపొర మళ్లీ పుట్టుకొస్తుంది. రెండు పొరలూ అడుగంటా కాలిపోతేనే చిక్కు. విత్తనం లేదు, నేల కూడా లేదు. అప్పుడు శరీరం గాయాన్ని ఎలాగోలా మూసేయాలని చూస్తుంది. చుట్టూ ఉన్న అంచులను లోపలికి లాగుతుంది. కొల్లాజెన్‌ను అడ్డదిడ్డంగా పోగేస్తుంది. అదే మచ్చ. మెడ మీద, కీళ్ల మీద ఈ లాగుడు పడితే ఆ భాగం ముడుచుకుపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అడుగంటా కాలిన చోట నరాలు కూడా మాడిపోతాయి కాబట్టి నొప్పి అంతగా తెలియదు. తోలులా గట్టిపడి, తెల్లగానో నల్లగానో కనిపిస్తుంది. నొప్పి లేదు కదా, చిన్నదే అనుకుంటే పొరపాటు. నొప్పి లేని కాలిన గాయమే ఎక్కువ ప్రమాదం.

తొడ మీది చర్మం చాలకపోతే..?

లోతుగా కాలిన గాయానికి దశాబ్దాలుగా ఉన్న వైద్యం ఒక్కటే. రోగి తొడ నుంచో, వీపు నుంచో పలుచని చర్మం చెక్కి తీసి, కాలిన చోట అతికిస్తారు. తీసిన చోట రెండు వారాల్లో మానుతుంది. ఎవరి చర్మం వారిదే కాబట్టి ఒంటికి పడుతుంది. ఇతరులది శాశ్వతంగా నిలవదు, కొన్ని వారాల్లో శరీరం తోసేస్తుంది.

మాడిన చర్మం దానంతటదే ఊడిపోయేదాకా ఆగడం ఒకప్పటి పద్ధతి. ఆలోగా సూక్ష్మక్రిములు చేరి రోగి ప్రాణమే పోయేది. నాటి యుగోస్లావియాలోని మారిబోర్ పట్టణంలో శస్త్రవైద్యురాలు జోరా యాన్జెకోవిచ్ ఈ పద్ధతి మార్చారు. మాడిన భాగాన్ని తొలి రోజుల్లోనే పొరలు పొరలుగా చెక్కేసి, వెంటనే చర్మం అతికించారు. 1970లో ఆమె ఈ అనుభవాన్ని ప్రచురించాక ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

అక్కడే కొత్త ప్రశ్న పుట్టింది. ఒంట్లో సగానికి పైగా కాలిపోయినవారికి చర్మం ఎక్కడి నుంచి తేవాలి? దొరికిన కాస్త చర్మానికి గాట్లు పెట్టి వలలా సాగదీసి కప్పుతారు. అదీ చాలదు. పైగా పలుచని చర్మంతో పాటు లోపొర పూర్తిగా రాదు. గాయం మూసుకున్నా తర్వాత ముడుచుకుపోతుంది. లోపొరే మళ్లీ పెరిగేలా చేయలేమా? ఈ ఆలోచన నుంచి వచ్చిందే 'స్కాఫోల్డ్'.

బీర తీగకు పందిరి లాంటిదే

స్కాఫోల్డ్ అంటే ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా. మన రైతులకు అర్థమయ్యేలా చెప్పాలంటే పందిరి. బీర తీగ నేల మీద వదిలేస్తే ఎటుపడితే అటు పాకి చిక్కుపడుతుంది. పందిరి వేస్తే క్రమంగా అల్లుకుంటుంది. గాయం అంచుల్లోని కణాలూ అంతే. ఆసరా లేకపోతే మచ్చ కడతాయి. అల్లిక లాంటి పొర పరిస్తే దాని రంధ్రాల్లోకి పాకి, రక్తనాళాలను వెంటబెట్టుకుని, కొత్త లోపొరను కడతాయి. తీగ అల్లుకున్నాక పందిరితో పని లేదు. ఈ పొర కూడా మెల్లగా కరిగిపోతుంది.

వినడానికి సులువే. చేయడమే కష్టం. రంధ్రాలు మరీ సన్నగా ఉంటే కణం దూరదు. మరీ పెద్దగా ఉంటే కణానికి పట్టు దొరకదు. పొర తొందరగా కరిగితే మళ్లీ మచ్చే. కరగకుండా ఉండిపోతే శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూస్తుంది.

ఈ లెక్క కుదిర్చినవారు అమెరికాలోని ఎంఐటీలో పనిచేసిన గ్రీకు శాస్త్రవేత్త ఇయోనిస్ యానస్, బోస్టన్ శస్త్రవైద్యుడు జాన్ బర్క్. పశువుల స్నాయువుల నుంచి తీసిన కొల్లాజెన్‌కు సొరచేప మృదులాస్థి నుంచి వచ్చే పదార్థం కలిపి స్పంజి లాంటి పొర చేశారు. పైన సిలికాన్ రేకు వేశారు. తేమ పోకుండా, క్రిములు చేరకుండా ఆ రేకు తాత్కాలిక పైపొరగా పనిచేస్తుంది. రెండు మూడు వారాల్లో కింద కొత్త లోపొర తయారవుతుంది. అప్పుడు రేకు ఒలిచేసి, రోగి సొంత చర్మాన్నే అతి పలుచగా తీసి పైన పరుస్తారు. పది మంది రోగుల్లో దీని ఫలితాన్ని 1981లో ప్రకటించారు. 1996లో 'ఇంటెగ్రా' పేరుతో అమెరికా ప్రభుత్వ అనుమతి దక్కింది.

ఇదే కాలంలో మరో దారి కూడా తెరుచుకుంది. హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ 1975లో మనిషి పైపొర కణాలను ప్రయోగశాలలో పెంచే పద్ధతి కనిపెట్టారు. ఒళ్లు 95 శాతానికి పైగా కాలిన ఇద్దరు అన్నదమ్ములకు 1983లో బోస్టన్‌లో ఇలా పెంచిన వారి సొంత చర్మాన్నే కప్పి బతికించారు. అయితే అది పైపొర మాత్రమే. అడుగున లోపొర లేకపోతే తేలిగ్గా చిట్లుతుంది. అందుకే నేటికీ పందిరి మీదే పరిశోధన సాగుతోంది.

తోళ్ల శాస్త్రం నుంచి గాయాల వైద్యానికి

బోస్టన్ దూరమే కావచ్చు. కొల్లాజెన్ కథ మాత్రం మనకు దగ్గరే. తోలు పదును పెట్టడమంటే చర్మంలోని కొల్లాజెన్‌ను కుళ్లకుండా కాపాడటమే. ఆ శాస్త్రానికి మన దేశంలో పెద్ద పీఠం చెన్నై అడయారులోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ. 1948లో ఏర్పడిన ఈ సంస్థను దేశవిదేశాల్లో పేరు తెచ్చుకునేలా నడిపించింది తెలుగువాడే. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. 1985లో కనిష్క విమానం పేల్చివేతలో ఆయన ప్రాణాలు కోల్పోయారు.

కొల్లాజెన్ మూడు పోగుల తాడులా పేనుకుని ఉంటుందని 1954లో ప్రపంచానికి చెప్పింది కూడా మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. చెప్పుల తోలు కోసం మొదలైన ఈ పరిశోధనలోంచే గాయాల మీద కప్పే కొల్లాజెన్ పొరలు వచ్చాయి. ఇప్పుడు మన ఆస్పత్రుల్లో బొబ్బలెక్కిన గాయాలకు ఈ పొరలు వాడటం మామూలైంది. రోజూ కట్టు విప్పి కట్టే నరకయాతన తప్పుతుంది. పిల్లలకు ఇదే పెద్ద ఊరట.

ఒక తేడా గమనించాలి. మందుల దుకాణంలో దొరికే కొల్లాజెన్ పొర చాలావరకు తాత్కాలిక కప్పు. పైపై గాయాలకు సరిపోతుంది. అడుగంటా కాలిన చోట లోపొరను తిరిగి పెంచే స్కాఫోల్డ్ వేరు. రెండింటినీ జనం 'కృత్రిమ చర్మం' అనే ఒకే పేరుతో పిలుస్తుండటంతో గందరగోళం తప్పడం లేదు.

తిరువనంతపురం నుంచి 'కోలిడెర్మ్'

దిగుమతి పొరలు సామాన్యుడికి అందని ధర. ఈ సమస్యకు జవాబు వెతికింది తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య శాస్త్ర సాంకేతిక సంస్థ. చవకైన దేశీయ గుండె కవాటాన్ని తయారుచేసి పేరు తెచ్చుకున్న సంస్థే ఇది. ఇక్కడి ప్రొఫెసర్ టి.వి. అనిల్‌కుమార్ బృందం పంది పిత్తాశయం మీద దృష్టి పెట్టింది. కబేళాలో పారేసే అవయవం అది. అందులోని కణాలన్నీ తొలగిస్తే కణాల మధ్య ఉండే సహజమైన అల్లిక మిగులుతుంది. ప్రకృతి అల్లిన పందిరి అన్నమాట. దాన్ని పలుచని పొరగా తయారుచేసి 'కోలిడెర్మ్' అని పేరు పెట్టారు.

ఎలుకలు, కుందేళ్లు, కుక్కల్లో కాలిన గాయాలు, మధుమేహ పుండ్లతో సహా రకరకాల గాయాల మీద పరీక్షించారు. మార్కెట్లో ఉన్న అలాంటి వాటికంటే త్వరగా, తక్కువ మచ్చతో మానినట్టు తేలింది. సాంకేతికతను 2017లో అలికార్న్ మెడికల్ అనే అంకుర సంస్థకు ఇచ్చారు. 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. వైద్య పరికరాల్లో ఎక్కువ జాగ్రత్త అవసరమైన 'డి' తరగతిలో, జంతు అవయవం నుంచి మన దేశ సంస్థ తయారుచేసిన స్కాఫోల్డ్‌కు అనుమతి రావడం అదే మొదలు. 10 వేల రూపాయలయ్యే చికిత్స ఖర్చు 2 వేలకు తగ్గవచ్చని అప్పట్లో కేంద్రం ప్రకటించింది. పందుల పెంపకందారులకూ నాలుగు డబ్బులు వస్తాయన్నారు.

మరికొన్ని దారుల్లోనూ పని జరుగుతోంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో శస్త్రవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ జంతు పదార్థమే లేని పాలియురేథేన్ నురుగు పొరను రూపొందించారు. ఐస్‌లాండ్‌లో కాడ్ చేప చర్మంతో పొరలు చేస్తున్నారు. బ్రెజిల్‌లో తిలాపియా చేప చర్మాన్ని కాలిన గాయాలపై కప్పి చూశారు. పట్టు దారంలోని మాంసకృత్తుతో స్కాఫోల్డ్ తయారీపై మన గువాహటి ఐఐటీలో పరిశోధనలు సాగాయి. ధర్మవరం, హిందూపురం పట్టు తెలిసిన ఈ ప్రాంతానికి ఇది ఆసక్తి కలిగించే కబురే.

అయితే.. మాయ మాత్రం కాదు

పొర పరచగానే కొత్త చర్మం వచ్చేస్తుందనుకుంటే నిరాశే. ముందు మాడిన చర్మాన్నంతా శుభ్రంగా చెక్కేయాలి. కింద మిగిలిన భాగం రక్తప్రసరణతో ఎర్రగా ఉండాలి. ఏ మూలో చీము మిగిలినా పొర కుళ్లిపోతుంది. ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. లోపొర పెరిగాక పైన రోగి చర్మం అతికించేందుకు చాలాసార్లు రెండో ఆపరేషన్ కావాలి. అంటే వారాల తరబడి ఆస్పత్రిలో ఉండాలి. మంచం పక్కన ఒకరుండాలి. కూలికి పోతేనే పూట గడిచే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఇంకో లోటు కూడా ఉంది. చెమట గ్రంథులను, వెంట్రుకల కుదుళ్లను పూర్తిగా తిరిగి మొలిపించే పొర ఇంతవరకు వైద్యుల చేతికి రాలేదు. ఒంట్లో పెద్ద భాగం కాలి మానినవారికి అక్కడ చెమట పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో బళ్లారి ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అలాంటివారు మిట్టమధ్యాహ్నం పొలం పనికి వెళితే వడదెబ్బ ముప్పు ఎక్కువ. ఈ మాట ఇంటికి పంపేటప్పుడే వైద్యులు చెప్పాలి, ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఏ జంతువుది? అడిగే హక్కు ఉంది

కురుగోడులో మాంసం ముట్టని కుటుంబాలు ఎక్కువే. ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఒక పొర పశువుది, ఒకటి పందిది, మరొకటి చేపది. ఏది దేనితో తయారైందో చెప్పి, రోగి ఒప్పుకున్నాకే వాడాలి. ప్రాణం కంటే ఎక్కువేముంది అనేవారు ఉంటారు. మాకు వద్దు అనేవారూ ఉంటారు. ఇద్దరి మాటకూ విలువ ఉంది. వద్దన్నవారికి సొంత చర్మం, చర్మనిధి నుంచి తెచ్చే మానవ చర్మం, జంతు పదార్థం లేని పొరలు వంటి మార్గాల్లో ఏది వీలవుతుందో వైద్యులు చూడాలి. సంతకం పెట్టించుకునే కాగితం కన్నడంలోనో, ఇంగ్లిషులోనో ఉంటే తెలుగు మాత్రమే వచ్చినవారు చదివి వినిపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

కార్డు ఏ రాష్ట్రానిది?

లోతైన గాయమైతే ఇక్కడివారు పరుగెత్తేది సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బళ్లారికే. జనం నోట ఇప్పటికీ 'విమ్స్'గా ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రే దిక్కు. అక్కడి నుంచి బెంగళూరు దాదాపు 300 కిలోమీటర్లు. కొందరు చుట్టాలున్నారని కర్నూలు, హైదరాబాద్ వైపు వెళతారు.

సరిహద్దు ఊళ్లలో అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. కర్ణాటకవారికి ఆయుష్మాన్ భారత్ - ఆరోగ్య కర్ణాటక. ఆంధ్రవారికి ఎన్టీఆర్ వైద్య సేవ. కాపురం ఇక్కడ, రేషన్ కార్డు అక్కడ ఉన్న కుటుంబాలు కోకొల్లలు. కాలిన గాయాల చికిత్స ఈ పథకాల్లో ఉంది. కానీ ఏ కార్డు ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో, ప్యాకేజీలో పొర ఖర్చు కలిసిందో లేదో చేరే రోజే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. పది రోజులయ్యాక అడిగితే అప్పటికే అప్పు పెరిగిపోతుంది.

చర్మం కూడా దానం చేయొచ్చు

కళ్లు దానం చేయవచ్చని అందరికీ తెలుసు. చర్మమూ దానం చేయొచ్చని తెలిసినవారు తక్కువ. బెంగళూరు విక్టోరియా ఆస్పత్రిలో 2016లో చర్మనిధి మొదలైంది. హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో 2021లో ఏర్పాటైంది. మనిషి చనిపోయిన ఆరు గంటల్లోపు తొడలు, కాళ్లు, వీపు నుంచి పలుచని పొర మాత్రమే తీస్తారు. శవం రూపు చెడదు. రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు. గ్లిజరిన్‌లో చల్లగా భద్రపరిస్తే ఐదేళ్ల దాకా పనికొస్తుంది.

ఈ చర్మం రోగికి శాశ్వతంగా అంటుకోదు. కానీ రెండు మూడు వారాలు గాయాన్ని కాచి, క్రిములను ఆపి, నీరు పోకుండా చూసి, రోగిని తర్వాతి ఆపరేషన్ దాకా బతికిస్తుంది. చాలామందికి అదే ప్రాణదానం. చిక్కల్లా దూరమే. బెంగళూరు నుంచి కురుగోడుకు మనుషులు వచ్చేసరికే ఆరు గంటల గడువు అయిపోతుంది. జిల్లా కేంద్రంలోనే సేకరించే ఏర్పాటు ఉంటే తప్ప ఇక్కడివారి దానం ఇక్కడివారికి అక్కరకు రాదు. ప్రజాప్రతినిధులు పట్టించుకోవాల్సిన పని ఇది.

కాలితే వెంటనే ఏం చేయాలి?

ఎంత గొప్ప పొర వచ్చినా, గాయం ఎంత లోతుకు దిగిందన్నది మొదటి నిమిషాల్లోనే తేలిపోతుంది. మంట ఆరినా చర్మం లోపల వేడి పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని చల్లార్చేది మామూలు నీళ్లే.

* మంట అంటుకుంటే పరుగెత్తవద్దు. నేల మీద పడుకుని దొర్లాలి. మందపాటి దుప్పటి కప్పి మంట ఆర్పాలి.
* కరెంటు షాకైతే ముందు మెయిన్ ఆపాలి. ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. పైకి చిన్న మచ్చలా కనిపించినా లోపల దెబ్బ ఎక్కువ ఉండొచ్చు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.
* కాలిన చోట కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. ఆలస్యమైందని మానొద్దు. మూడు గంటల్లోపు పోసినా మేలే.
* ఐసు పెట్టొద్దు. పసిపిల్లలు, ఒళ్లు ఎక్కువ కాలినవారు చలికి వణికిపోకుండా మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి.
* గాజులు, ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు వాపు రాకముందే తీసేయాలి. ఒంటికి అంటుకున్న బట్ట మాత్రం లాగొద్దు.
* టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, కోడిగుడ్డు సొన, పేడ ఏవీ పూయొద్దు. క్రిములు చేరడమే కాదు, గాయం లోతెంతో వైద్యుడికి కనిపించదు.
* బొబ్బలు చిదమొద్దు. ఉతికిన శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయాలి.

గాయం ఎంత పెద్దదో తెలుసుకోవడానికి తేలికైన కొలత ఉంది. రోగి అరచెయ్యి వేళ్లతో సహా ఒంట్లో సుమారు ఒక శాతం. పిల్లలకు పది అరచేతులు, పెద్దలకు పదిహేను, ఇరవై అరచేతులంత కాలితే సెలైన్ ఎక్కించక తప్పదు. ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాలు కాలితే గాయం చిన్నదైనా పెద్దాస్పత్రికే వెళ్లాలి.

ఇంటికొచ్చాక ఏడాది కాపలా

కుట్లు విప్పి ఇంటికి పంపారంటే వైద్యం అయిపోయిందనుకుంటారు. నిజానికి సగమే అయినట్టు. మచ్చ నెలల తరబడి గట్టిపడుతూ, లాగుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టడానికి ఒంటికి బిగుతుగా పట్టే ప్రత్యేక బట్టలు రోజంతా వేసుకోవాలి. స్నానానికి మాత్రమే విప్పాలి. ఇలా ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మెడ, చేతులు ముడుచుకోకుండా బద్దలు కడతారు. రోజూ వ్యాయామం చేయాలి. చేస్తే నొప్పి. చేయకపోతే కీలు బిగుసుకుపోతుంది. పిల్లలు ఏడుస్తున్నారని తల్లులు జాలిపడి మానిపిస్తే, పెరిగే వయసులో ఆ చెయ్యి మరీ వంకరపోతుంది.

బళ్లారికి ఫిజియోథెరపీ కోసం వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. నాలుగుసార్లు తిరిగి ఐదోసారి మానేస్తారు. అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. లక్షలు పోసి వేసిన పందిరి కింద కూడా మచ్చ ముడుచుకుపోతుంది. ఆశ కార్యకర్తలు వారానికోసారి ఇంటికొచ్చి చెయ్యి చాపించి చూసినా, ఊళ్లోని ఆస్పత్రిలోనే వ్యాయామం నేర్పే మనిషి ఉన్నా ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

వైద్యుడిని అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. గాయం ఎంత లోతు? మాడిన చర్మం ఎప్పుడు తీస్తారు? వేసే పొర తాత్కాలికమా, లోపొర పెరిగేందుకా, దేనితో తయారైంది? ఇంటికి వెళ్లాక వ్యాయామం ఎవరు నేర్పుతారు? మొదటి మూడూ చాలామంది ఎలాగోలా అడుగుతారు. నాలుగోది మరిచిపోతారు. తిరిగి ముద్ద కలుపుకుని తింటారా, ఇంకొకరు తినిపించాలా అన్నది తేల్చేది ఆ నాలుగో ప్రశ్నే.